ఆడపిల్ల సైకిలుకి బుట్టేనా?

మన విజయనగరంలోనో, శ్రీకాకుళంలోనో ఓ సైకిలు షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. మగపిల్లల సైకిళ్ళు ఓ వరస, ఆడపిల్లల సైకిళ్ళు ఓ వరస. మగపిల్లల వాటికి లావుపాటి టైర్లు, గెంతడానికి వీలుగా పొట్టి ఒళ్ళు. ఆడపిల్లల వాటికి ముందో బుట్ట, వెనకో కారియరు. అంటే ఏవిటన్నమాట? అబ్బాయి సైకిలు ఆడుకోడానికీ, అమ్మాయి సైకిలు పనిమీద వెళ్ళి రాడానికీనన్నమాట! బడికెళ్ళు, ట్యూషనుకెళ్ళు, వచ్చేటప్పుడు బుట్టలో కొత్తిమీర కట్ట పడేసుకురా. నా తగువంతా ఈ బుట్టతోనే.

వసారాలో గోడకి చేరేసిన సైకిలుని వెనక్కి లాగేటప్పుడు పెడలు గిర్రున తిరిగి కాలి ఎముకమీద ఠకీమని కొడుతుంది. మీలో చాలామందికి అనుభవమే కదూ? ఎందుకు కొడుతుందో ఎవరైనా చెప్పారా మనకి? తమ్ముడు సైకిలు షాపులో కూచుని అవన్నీ నేర్చేసుకుంటాడు. మనల్ని మాత్రం “గాలి కొట్టించుకుని బేగి వచ్చెయ్” అంటారు.

సంగతి ఇదీ. వెనకచక్రం ఇరుసు దగ్గర ఫ్రీవీలు వుంటుంది. దాంట్లో చిన్న చిన్న నాలుకలు, వాటికి ఎదురుగా రంపంలాంటి పళ్ళు. ముందుకి పోతూ కాళ్ళు ఆపేస్తే నాలుకలు పళ్ళమీంచి టిక్ టిక్ మని జారిపోతాయి. చక్రం దాని దారిన అది తిరుగుతూనే వుంటుంది. అదే చక్రం వెనక్కి తిరిగిందనుకోండి, నాలుకలు పళ్ళని పట్టేసుకుని గొలుసునీ, పెడళ్ళనీ కూడా వెనక్కి లాక్కుపోతాయి. చక్రం వెనక్కి పోతే కాళ్ళూ వెనక్కి తిరగాల్సిందే!

ఈ బాధ లేని చక్రం ఒకటుంది. బి.ఎం.ఎక్స్. అని పొట్టి సైకిళ్ళాట ఒకటి 1970ల మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. మోటారుసైకిలు పందేలు చూసి పిల్లలు తమ సైకిళ్ళమీద అనుకరించడంతో మొదలైంది. ఆ ఆటగాళ్ళు వెనక్కి దొర్లుతూ విన్యాసాలు చేస్తారు. వాళ్ళకోసం వచ్చిందే ఫ్రీకోస్టర్ అనే హబ్బు. ఇందులో నాలుకలూ పళ్ళూ వుండవు. మరచెంబు తెలుసుగా మనకి? అలాంటి మరలమీద గరాటులాంటి ముక్క ఒకటి కూచుంటుంది. ముందుకి తొక్కితే మరలమీద జరిగి, హబ్బు గోడకి గట్టిగా బిగుసుకుని చక్రాన్ని తిప్పుతుంది. పెడలుని కాస్త వెనక్కి తడితే విడిపోయి పక్కకి తప్పుకుంటుంది. ఇక చక్రం వెనక్కి ఎంత దూరం దొర్లినా కాళ్ళు కదపక్కర్లేదు. టిక్ టిక్ మనే చప్పుడు కూడా వుండదు. మళ్ళీ తొక్కేటప్పుడు, ఆ ముక్క గోడని అందుకునేదాకా, పెడళ్ళు కాస్త ఖాళీగా తిరుగుతాయి. అదొక్కటే దానికి చెల్లించే మూల్యం.

“గుంటకి ఈ సైకిలు గంతులేటమ్మా? పడిపోతే రేపు పెళ్ళెలాగవుతాది?” అంటారు పెద్దలు. గుంటడు పడితే మోకాలు గీసుకోదా? వాడికైతే “మగాడివిరా, లేచి నిలబడు” అంటాం. ఆ మాటే దీనికీ అనొచ్చుగా! తలకి హెల్మెట్టు, మోకాళ్ళకి తొడుగులు ఇద్దరికీ పెడితే సరి.

పైకి అనకుండా గుసగుసగా అనే మాట ఇంకోటుంది. సైకిలు సీటుకీ ఆడపిల్ల కన్యాత్వానికీ ముడిపెట్టే మాట. ఆ పరీక్షలకి శాస్త్రంలో ఆధారమే లేదనీ, వాటిని మానెయ్యాలనీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. పసిపిల్లలకి వెలకట్టి అమ్ముకునే ఆచారంమీద గురజాడవారి ‘కన్యాశుల్కం’ 1892లో ఈ విజయనగరంలోనే ఆడింది. అదే వూళ్ళో ఇంకా సైకిలు సీటు చూసి భయపడుతూ కూచుంటామా?

వెనక్కి పల్టీ కొట్టడాలూ గట్రా మగాళ్ళ విద్య అనుకుంటున్నారేమో. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో బి.ఎం.ఎక్స్. విన్యాసాల పోటీ మొదటిసారి పెట్టారు. ఆడవాళ్ళలో బ్రిటన్ అమ్మాయి షార్లెట్ వర్తింగ్టన్ మొదటి దఫా కిందపడింది. లేచొచ్చి రెండో దఫాలో బంగారు పతకం పట్టుకుపోయింది. 2024లో పారిస్‌లో ఆ బంగారం చైనా పిల్ల దెంగ్ యావెన్ గెలిచింది. అప్పటికి దాని వయసు 18 ఏళ్ళు!

దేశంకాని దేశాల కబుర్లెందుకంటారా? ఆమదాలవలస దగ్గర వూసవానిపేటకి చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ మన సిక్కోలు ఆడపడుచే. ఇనుము ఎత్తితే లేని దోషం ఇనుప గుర్రం ఎక్కితే వచ్చిందా?

“ఆడపిల్లలకి సర్కారే సైకిళ్ళిచ్చిందిగా” అనొచ్చు మీరు. నిజమే. బీహారు 2006లో మొదలెట్టింది. మన రాష్ట్రంలోనూ తర్వాత ‘బడికొస్తా’ పేరుతో ఇచ్చారు. బడి దూరమని చదువు మానేసే పిల్లలకి అదెంత మేలో నేను వేరే చెప్పక్కర్లేదు. కానీ చదువు ఆగిన రోజున ఆ సైకిలు ఏమవుతోంది? తమ్ముడికో, పాలకేను తగిలించుకునే నాన్నకో పోతోంది. పనికోసమని ఇచ్చిన వస్తువు పని తీరగానే చేయి మారిపోతుంది. సరదాకోసమని నేర్చుకున్న విద్య మాత్రం వొంట్లో వుండిపోతుంది. తమిళనాడు పుదుక్కోట్టైలో 1991 ప్రాంతాల్లో అక్షరాస్యతా వుద్యమంవాళ్ళు పల్లెటూరి ఆడవాళ్ళకి అక్షరాలతోబాటు సైకిలు కూడా నేర్పారు. వేలమంది రోడ్డెక్కారు. వాళ్ళకి ఎవరూ బళ్ళో పేరుందా అని అడగలేదు.

ఫ్రీకోస్టర్ హబ్బు కొనిపెట్టమని నేననడం లేదు. అది ఖరీదు, బరువు, రోజూ బడికెళ్ళే సైకిలుకి దండగ కూడాను. నేనడిగేది ఇంతే. సైకిలు వెనకచక్రం విప్పినప్పుడు అమ్మాయిని కూడా పక్కన కూచోబెట్టండి. పానా దాని చేతికివ్వండి. నాలుకలేవో, పళ్ళేవో చూడనివ్వండి. సాయంత్రం ఓ గంట ఏ పనీ పురమాయించకుండా మైదానంలో తొక్కుకోనివ్వండి. వెనక్కి దొర్లుతుందో, ముందుకి గెంతుతుందో దాని ఇష్టం.

బుట్ట వుంచాలో తియ్యాలో అదే తేల్చుకుంటుంది. కొత్తిమీరకి తమ్ముణ్ణి పంపండి.