జ్వరం తగ్గిందని ఇంటర్వ్యూకి బస్సెక్కేస్తారా?

క్యాంపస్ డ్రైవ్‌లూ, డెంగీ జ్వరాలూ మన దగ్గర ఇంచుమించు ఒకేసారి మొదలవుతాయి. వానాకాలంలో ముదినేపల్లి, కైకలూరు వైపు ఎవరికి జ్వరం వచ్చినా మూడో రోజుకి ఒకటే ప్రశ్న: "ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయి?" ఆ అంకెను కటాఫ్ మార్కులా చూడటం మానేయాలన్నదే నా వాదన.

ఎముక మజ్జలో ఉండే మెగాక్యారియోసైట్లు అనే పెద్ద కణాల నుంచి రాలే తునకలే ప్లేట్‌లెట్లు. 7 నుంచి 10 రోజులే బతుకుతాయి. రక్తనాళం చిట్లిన చోట అతుక్కుని, మిగతావాటిని పిలుచుకుని గండి పూడుస్తాయి. చేపల చెరువు గట్టు తెగితే జనం ఇసుక బస్తాలతో పరిగెత్తరూ, అలాగన్నమాట. మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉండటం మామూలు. (చెరువంటే గుర్తొచ్చింది. డెంగీకి కొల్లేరు చెరువుల్ని తిట్టకండి. ఆ దోమ గుడ్లు పెట్టేది మన కూలర్లో, డ్రమ్ముల్లో, కొబ్బరి చిప్పల్లో.)

డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, నిజమే. కానీ ప్రాణం మీదకి తెచ్చేది ఎక్కువగా రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోవడం. అది పట్టించేది అదే రిపోర్టులో ఉండే హెమటోక్రిట్. దాన్ని మాత్రం ఎవరూ అడగరు. పైగా ఈ లీకు మొదలయ్యేది జ్వరం దిగేటప్పుడే! ఆ తర్వాతి 24 నుంచి 48 గంటలే అసలు గండం. సరిగ్గా అప్పుడే మనవాళ్లు "తగ్గిపోయిందిరా" అని ఒక పెయిన్‌కిల్లర్ వేసుకుని విజయవాడ బస్సెక్కుతారు. యాస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి ఉన్న ప్లేట్‌లెట్ల పని కూడా చెడగొడతాయి. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, లేవలేని నీరసం... వీటిలో ఏది కనిపించినా వెళ్లాల్సింది ఆసుపత్రికి.

ఇంజినీరింగ్ వాళ్లకి ఇంకో మాట. ఆ అంకె ఇచ్చేది మెషీన్. చాలా ల్యాబుల్లో వాడేది వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంట్ పొందిన సూత్రమే. సన్న రంధ్రంలోంచి కణం దూరితే విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ పల్స్ సైజును బట్టి అదే కణమో తేలుస్తుంది. కొందరి రక్తంలో, గడ్డకట్టకుండా ట్యూబులో వేసే ఈడీటీఏ వల్ల ప్లేట్‌లెట్లు ముద్దకట్టి లెక్కకు రావు. మరీ పెద్దవి ఎర్రకణాల ఖాతాలో పడతాయి. సెన్సర్ రీడింగును సరిచూడకుండా నమ్మం కదా? రిపోర్టు మనిషి పరిస్థితికి పొంతన లేకపోతే, స్మియర్ తీసి మైక్రోస్కోపులో చూడమని అడగండి. బయోమెడికల్, ఎంఎల్‌టీ చదివేవాళ్లకి ఇంటర్వ్యూలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

"40 వేలకి పడింది, అర్జెంటుగా దాతలు కావాలి" అనే వాట్సాప్ మెసేజీలు మీకూ వస్తుంటాయి. రక్తస్రావం లేకపోతే, అంకె తగ్గిందన్న ఒక్క కారణంతో ఎక్కించాల్సిన పని సాధారణంగా ఉండదు. కోలుకునేటప్పుడు కౌంటు దానంతటదే పెరుగుతుంది. ప్లేట్‌లెట్ల సంచిని 20 నుంచి 24 డిగ్రీల మధ్య, కదుపుతూ ఉంచినా నిల్వ ఉండేది దాదాపు 5 రోజులే. అనవసరంగా ఒకరికి ఎక్కించిన సంచి లుకేమియా పేషెంటుకి లేకుండా పోతుంది. ఇవ్వాలనుకుంటే బ్లడ్ బ్యాంకులో ముందే పేరు రాయించుకోండి.

ఇక కాలేజీలకి. డ్రైవ్ రోజున రాలేదని పేరు కొట్టేసే పద్ధతి ఉన్నంతకాలం పిల్లలు జ్వరం దాచుకునే వస్తారు. డాక్టరు చీటీ తెచ్చినవాళ్లకి వారం తర్వాత ఆన్‌లైన్‌లో ఇంకో స్లాట్ ఇవ్వమని కంపెనీని అడగడానికి ప్లేస్‌మెంట్ సెల్‌కి ఒక్క ఈమెయిల్ చాలు. ఈ ఏడాది సీజన్ మొదలవకముందే మీ సీఆర్‌ల చేత ఆ మాట అడిగించండి.