బొమ్మకారు కండెన్సరు, బావి మోటారు కండెన్సరు

బొమ్మకారును గూర్చి విద్యాలయ వార్షిక సంచికలో వ్రాయుట తగునా యని పెద్దలు కొందఱు శంకింపవచ్చును. రేడియోతో నడచు చిన్న కార్లపై మన పిల్లలకు మోజు మెండుగా నున్నది. ఆ మోజును మేము నిందింపము. 1898వ సంవత్సరమున న్యూయార్కు నగరములో టెస్లా పండితుడు తీగ లేకుండ ఒక చిన్న పడవను దూరమునుండి నడిపి చూపెను. ఆ విద్యయే నేడు బాలుర చేతికి ఆటవస్తువై వచ్చినది. మేము చెప్పదలచినది ఆ ఆటను గూర్చి కాదు. కారులో వేగమును నియమించు పెట్టెకు అదనముగా కండెన్సర్లు అతికించు అలవాటును గూర్చియు, దానివలన కలిగిన ఒక తలంపును గూర్చియు చెప్పదలచితిమి.

కండెన్సరనిన నేటి పుస్తకములలో కెపాసిటరని యుండును. వోల్టా పండితుడు 1782లో పెట్టిన పాత పేరు పుస్తకములనుండి తొలగిపోయినను మన బావులకడ మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది. మేమును దానినే వాడుదుము.

అదనపు కండెన్సరు తగిలించినచో కారునకు బలము హెచ్చునని ఒకరును, వేగము హెచ్చునని మరియొకరును చెప్పుకొనుచున్నారు. ఈ మాట లెక్కకు నిలువదు. 1000 మైక్రోఫారడుల కండెన్సరు 8 వోల్టులకడ దాచుకొనగల శక్తి 0.032 జౌలు మాత్రమే. 7.4 వోల్టుల, 5000 మిల్లీఆంపియరు గంటల బ్యాటరీలో ఇంచుమించు 1,33,000 జౌళ్లు కలవు. అనగా కండెన్సరులోనిది బ్యాటరీలోనిదానిలో నలుబది లక్షలవ వంతునకు మించదు. ఇంత చిన్న మూటతో కారు పరుగు హెచ్చుట కల్ల.

అట్లయిన కారు చేసినవారే ఆ పెట్టెపై ఒకటి రెండు కండెన్సర్ల నేల నిలిపిరి? మన మెట్టపొలములలో నీరు తక్కువైన బోరు ఆగి ఆగి పోయును. ఆ నీటిని నేరుగా కాలువకు విడిచిన రైతునకు మడి తడియదు. బోరు ప్రక్కన చిన్న తొట్టి కట్టి, అందుండి విడిచిన రైతునకు కాలువ సమముగా పారును. తొట్టి నీటిని పుట్టింపలేదు, ఒడుదుడుకులను మ్రింగినది. వేగమును నియమించు పెట్టె మోటారునకు విద్యుత్తును ధారగా నీయదు. సెకనుకు వేలకొలది పర్యాయములు ఇచ్చుచు, ఆపుచు నుండును. బ్యాటరీనుండి వచ్చు తీగలోని ప్రవాహము అంత వేగముగా ఆగజాలదు, అంత వేగముగా కదలజాలదు. ఆగినప్పుడు వోల్టేజి ఎగసిపడును, కదలినప్పుడు క్రుంగును. ఎగసిన వోల్టేజియే పెట్టెలోని సన్నని మీటలను కాల్చివేయును. పైని చెప్పిన 1000 మైక్రోఫారడుల కండెన్సరు 20 ఆంపియర్ల భారమును ఒక్క వోల్టు తగ్గుదలతో సెకనులో ఇరువదివేలవ వంతు కాలము మోయగలదు. ఆ పనికి అంతయే కావలెను.

కావున అదనపు కండెన్సరు ఎప్పుడు వలయును? బ్యాటరీ తీగలను పొడిగించినప్పుడు తప్పక వలయును. పెద్ద మోటారు వేసి ఎక్కువ ప్రవాహము లాగునప్పుడు మేలు. మిగిలినచోట్ల అది అలంకారమే. పెట్టునది పెట్టెకు మిక్కిలి దగ్గరగా, పొట్టి తీగలతో పెట్టవలెను. దూరముగా పెట్టినది లేనిదానితో సమానము. ధన ఋణములు తారుమారైనచో కండెన్సరు పగులును, కండ్లకు ప్రమాదము. నిండిన బ్యాటరీ వోల్టేజికంటె దాని వోల్టేజి చాల హెచ్చుగా నుండవలెను. బ్రష్షు లేని మోటారునకు పోవు మూడు తీగలపై మాత్రము దేనిని ఎన్నడును కట్టరాదు. కట్టినచో రక్షించుటకు మారుగా పెట్టెనే చంపును. బ్రష్షులున్న పాత మోటారునకు అతికించు 0.1 మైక్రోఫారడు చిన్న బిళ్లల పని వేఱు. అవి రవ్వలవలన పుట్టి రేడియోను చెఱచు చప్పుడును అణచును. పేరొకటైనను పనులు మూడు నాలుగు. ఈ భేదము చెప్పలేని విద్యార్థి చేతికి కావియ ఇయ్యరాదని మా అభిప్రాయము.

ఇక పొలమునకు పోవుదము. నకిరేకల్ చుట్టుపట్ల నిమ్మతోటలును వరిమళ్లును బోరుబావుల మీద బ్రతుకుచున్నవి. ట్రాన్స్‌ఫార్మరు కాలినదన్న వార్త మన యిండ్లలో క్రొత్తది కాదు. అది బాగుపడి వచ్చులోపల ఎండినది ఎండిపోవును. ఈ కాలుటకు కారణములు పెక్కు. వానిలో ఒకటి స్టార్టరు డబ్బాలో కండెన్సరు లేకపోవుట.

ఇచ్చట దాని పని బొమ్మకారులోని పనికంటె భిన్నము. బావి మోటారు నీరు తోడుటకు వాడు విద్యుత్తుగాక, తన అయస్కాంతమును నిలుపుకొనుటకు కొంత చేబదులు పుచ్చుకొని, సెకనుకు వంద పర్యాయములు తిరిగి యిచ్చుచుండును. చేబదులు ఖర్చు కాదు గదా యందురేమో! కాని పోయి వచ్చు బరువును దారి మోయవలెను. ఆ దారి ట్రాన్స్‌ఫార్మరును, తీగలును. కండెన్సరు పెట్టినచో మోటారు తన చేబదులు ప్రక్కయింటనే పుచ్చుకొనును. 5 హార్సుపవరు మోటారునకు 2 కె.వి.ఏ.ఆర్. కండెన్సరు చాలును. పవరు ఫ్యాక్టరు 0.80 నుండి 0.95కు పెరిగినచో తీగలోని ప్రవాహము నూటికి 16 వంతులు తగ్గును. తీగల వేడిమి ప్రవాహపు వర్గమునుబట్టి యుండును గావున నూటికి 29 వంతులు తగ్గును. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింద పది మోటార్లున్నచో ఈ తేడా చిన్నది కాదు.

మరి ఏల పెట్టరు? నిజము చెప్పవలెనన్న, పెట్టిన రైతునకు చేతికి వచ్చునది కొంచెమే. 2004 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు నొసగెను. కండెన్సరు, రాపిడి తక్కువగు ఫుట్‌వాల్వు, ఐ.ఎస్.ఐ. ముద్రగల పంపు మున్నగునవి ఉండవలెనను నియమమును పిదప చేర్చిరి. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి ఇరువది నాలుగు గంటల సరఫరా వచ్చినది. ఆ దినములలో ఆటోస్టార్టర్లను తీసివేయుడని రైతులను కోరిరి. బిల్లు లేనిచోట పొదుపు కంటికి కానరాదు. లాభము పదిమందిదియు, ఖర్చు ఒక్కనిదియు నగునప్పుడు రైతును మాత్రమే నిందించుట న్యాయము కాదు. కండెన్సరును బిగించి, ఏటేట పరీక్షించు భారమును విద్యుత్తు పంపిణీ సంస్థయే వహింపవలెనని మేము తలచుచున్నాము. అందాక ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రిందివారందఱు ఒక్కసారిగా కొని పెట్టుకొనుట మేలు; ఒక్కడు పెట్టినచో ఫలము కనబడక మఱునాడే విసుగు పుట్టును.

ఇచ్చటను అతి పనికిరాదు. తగినదానికంటె పెద్ద కండెన్సరు కట్టినచో స్విచ్చి ఆపిన క్షణమున మోటారు తానే విద్యుత్తును పుట్టించి వోల్టేజిని హెచ్చించును. మూడు ఫేజులు లేని వేళ కండెన్సరుతో మోటారును త్రిప్పు పాత యుక్తి యొకటి కలదు. దానివలన వైండింగు కాలుటయేగాక ఇరుగుపొరుగువారికి దీపములు మసకబారును. దీనిని మేము సమర్థింపము. కండెన్సరును స్టార్టరునకు ఆవల, మోటారు వైపున కలుపవలెను. అప్పుడు మోటారు ఆగినప్పుడు అదియు లైనునుండి విడిపోవును.

బాలురకు ఒక మాట. బొమ్మకారు చేసిన చనువుతో స్టార్టరు డబ్బా తెఱవకుడు. అందున్నది 415 వోల్టులు. స్విచ్చి ఆపిన పిదపకూడ కండెన్సరులో కొంతసేపు విద్యుత్తు నిలిచియుండును. ఆ పని తెలిసిన మెకానిక్కుది. మీ పని తండ్రికి లెక్క చూపుట.

వచ్చు విజ్ఞాన ప్రదర్శనమున ఈ రెండు కండెన్సర్లను ఒకే బల్లపై నుంచవలెనని మా కోరిక. ఒక ప్రక్క కారు, వేఱొక ప్రక్క ఉపాధ్యాయుల పర్యవేక్షణలో చిన్న మోటారు. కండెన్సరుతో ఎంత ప్రవాహము, లేక ఎంత యని అంకెలు పలకపై వ్రాసి పెట్టవలెను. తల్లిదండ్రులు వచ్చునది ఆ దినముననే. ఇందునకు తీగను కోయకయే ప్రవాహమును కొలుచు క్లాంపు మీటరు ఒకటి కావలెను.