ఒక్క కీ ఇరుక్కుంటే కీబోర్డ్ మొత్తం మార్చాలా?

పోయిన నెల మా ల్యాప్‌టాప్‌లో 'ఎన్' కీ నొక్కితే లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఒక్కసారి కొడితే స్క్రీన్ మీద వరసగా పది 'ఎన్'లు. సర్వీస్ సెంటర్‌లో కీ వైపు సరిగ్గా చూడకుండానే "కీబోర్డ్ మార్చాలి సార్, పై ప్యానెల్‌తో కలిపే వస్తుంది, ఏడున్నర వేలు" అన్నారు. ఇంటికొచ్చి శుభ్రం చేస్తే బయటపడింది ఓ చేగోడీ ముక్క!

అందుకే డబ్బు కట్టేముందు ఓ పది నిమిషాలు మీరే చూసుకోండి. ముందు తప్పు సాఫ్ట్‌వేర్‌దేమో తేల్చుకోవాలి. విండోస్‌లో కుడివైపు షిఫ్ట్‌ని 8 సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ ఆన్ చేయాలా అని అడుగుతుంది. చూడకుండా ఎస్ కొట్టేస్తే, వేగంగా కొట్టిన అక్షరాలు పడవు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్‌లోకి వెళ్లి దాన్ని ఆఫ్ చేయండి. తర్వాత విండోస్, కంట్రోల్, 'ఓ' కీలు కలిపి నొక్కితే స్క్రీన్ మీదకి కీబోర్డ్ వస్తుంది. మీరేమీ నొక్కకుండానే అందులో ఓ కీ వెలుగుతూ ఉంటే, అది నిజంగా ఇరుక్కున్నట్టే.

అప్పుడు ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఛార్జర్ తీసేసి, ఏటవాలుగా పట్టుకుని ఎయిర్ క్యాన్‌తో కొద్దికొద్దిగా గాలి కొట్టండి. టీ ఒలికి జిగురుగా ఉంటే దూదిపుల్లకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది కీ అంచులు తుడవండి. స్పేస్ బార్, ఎంటర్ లాంటి పెద్ద కీలని మాత్రం పీకొద్దు. వాటి కింద సన్నటి తీగ ఉంటుంది, క్లిప్ విరిగితే మళ్లీ కూర్చోదు. వారంటీ ఉంటే ఏ కీనీ పీకొద్దు.

కానీ అసలు గొడవ దుమ్ముతో కాదు, డిజైన్‌తో. సన్నగా చేయాలని చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డ్‌ని పై ప్యానెల్‌కే బిగించేస్తున్నారు. యాపిల్ కథే చూడండి. 2015లో తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డ్‌లో చిన్న నలుసుకే కీలు మొరాయించాయి. 2018లో ఉచిత రిపేర్ ప్రోగ్రామ్ పెట్టింది, 2019 చివర్లో పాత సిజర్ పద్ధతికి తిరిగొచ్చింది, 2022లో కేసు సెటిల్‌మెంట్‌కి 5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. మరోవైపు ఫ్రేమ్‌వర్క్ కంపెనీ కీబోర్డ్‌ని విడిగా అమ్ముతోంది, ఎలా మార్చుకోవాలో గైడ్ కూడా ఇస్తోంది. అంటే చేయలేక కాదు, చేయడం ఇష్టం లేక!

ఇందులో మా రివ్యూయర్ల తప్పూ ఉంది. కీ ఎన్ని మిల్లీమీటర్లు కిందకి దిగుతుందో రాస్తాం, పాడైతే ఏం మార్చాలో రాయం. ఇకపై అది కూడా రాయాలి. ఈలోగా కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్, ర్యామ్‌తో పాటు ఇంకో ప్రశ్న అడగండి: "కీబోర్డ్ ఒక్కటే విడిగా దొరుకుతుందా? ఎంతవుతుంది?" సూటిగా జవాబు రాకపోతే, రేపు ఓ చేగోడీ ముక్కకి మీరూ ఏడున్నర వేలు కట్టాల్సి రావచ్చు.