కొత్త సబ్‌వూఫర్ కొనే ముందు సుమో బానెట్ ఎత్తి చూడండి

ఇది కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి, కోపగించుకోకండి.

ఉగాది నాడు జరిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. మన సుమో వెనక తలుపు తెరిచి, స్టీరియోకి మైకు తగిలించి పంచాంగం చదివించాం. ముందు వరసలో కూర్చున్న నాకే నా రాశికి ఆదాయం ఎంతో, వ్యయం ఎంతో వినపడలేదు. 'బూం బూం' అని ఒకటే మోత. కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది. నా పక్కన ఉన్న పెద్దమ్మ, "రాజపూజ్యం ఎంతన్నార్రా?" అని మూడుసార్లు అడిగి, చివరికి అవమానం లెక్క కూడా తెలీకుండానే పచ్చడి తిని ఇంటికి పోయింది. ఆవిడకి ఎనభై దాటాయి. ఏడాదికి ఒక్కసారి తెలుగులో నలుగురి మధ్య కూర్చుని వినే సందర్భం అది.

ఆ తర్వాత మీటింగులో రెండు మాటలు వచ్చాయి. పెద్దలు, "ఆ డబ్బా పీకి అవతల పారేయండి" అన్నారు. కుర్రాళ్లు, "ఇది చాలదు, 15 అంగుళాలది కొందాం, దానికి తగ్గ ఆంప్లిఫయరు కొందాం" అన్నారు. రెండూ తప్పే అని నేను అనుకుంటున్నాను. మీటింగులో చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి నేను బండి చూడలేదు. ఇప్పుడు చూశాను.

మర్నాడు పొద్దున బానెట్ ఎత్తించాను. బ్యాటరీ ప్లస్ నుంచి ఎర్ర వైరు ఒకటి నేరుగా బయల్దేరి, ఇంజను వెనక రేకులో ఉన్న చిల్లు గుండా లోపలికి పోయి, సీట్ల కింద పాకి వెనక ఉన్న ఆంప్ దగ్గర తేలింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. రేకు చిల్లుకు రబ్బరు బుష్ లేదు. ఆ రేకు అంచుకు రాసుకుని వైరు పైతోలు అప్పుడే సగం కోసుకుపోయి ఉంది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. పోయిన నెలే ఆ బండిలో పదిమందిమి, అందులో ముగ్గురు పిల్లలు, శ్రీరంగం వెళ్లి వచ్చాం.

"ఫ్యూజు ఉంది కదా తాతా, ఆంప్ మీదే రెండున్నాయి" అన్నాడు బిగించిన కుర్రాడు. ఉన్నాయి. 25 ఆంపియర్లవి రెండు. కానీ అవి వైరుకు అటు చివర ఉన్నాయి. దారిలో ఆ వైరు రేకుకు తగిలితే కరెంటు ఆంప్ దాకా పోదు. బ్యాటరీ నుంచి బయల్దేరి తగిలిన చోటే బాడీలోకి దిగిపోతుంది. కారు బ్యాటరీ అలాంటప్పుడు వందల ఆంపియర్లు వదలగలదు. వైరు ఎర్రగా కాలి, పైతోలు మండి, పక్కన ఉన్న సీటు అంటుకుంటుంది. ఆంప్ మీది ఫ్యూజులు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి. మెయిన్ ఫ్యూజు కాపాడేది ఆంప్‌ను కాదు, వైరును. అందుకే దాన్ని బ్యాటరీకి అడుగున్నర లోపలే పెట్టాలంటారు.

నేను ఎలక్ట్రీషియన్ను కాను, గుమాస్తాను. రైల్వే స్టోర్స్‌లో కూర్చుని ఇండెంట్లు రాసినవాణ్ణి. ఫ్యూజు అడిగితే ఎన్ని ఆంపియర్లదో రాయకుండా ఆ కాగితం కదిలేది కాదు. అలవాటు ఇప్పటికీ పోలేదు. అందుకని లెక్క వేశాను. మన ఆంప్ 400 వాట్లది, క్లాస్ డి రకం. నూటికి ఎనభై పాళ్లు పనికొస్తుందనుకుంటే బ్యాటరీ నుంచి 500 వాట్లు లాగాలి. ఇంజను నడుస్తున్నప్పుడు పదమూడున్నర వోల్టులు అనుకుంటే దాదాపు 37 ఆంపియర్లు. వైరు పొడుగు అయిదు మీటర్లు. వేసింది 8 గేజ్ వైరు. చాకుతో గీరి చూస్తే పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. అసలు రాగి కన్నా దీనికి అడ్డు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. (మా బడిలో దీన్ని మిన్‌తడై అన్నారు. తెలుగు పుస్తకాల్లో నిరోధం అంటారని అరవై దాటాక తెలిసింది.) 4 గేజ్ అసలు రాగి వైరు, బ్యాటరీ దగ్గర 60 ఆంపియర్ల ఫ్యూజు, చిల్లుకు రబ్బరు బుష్. మనకు కావలసింది ఇంతే.

ఎర్తు సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. నల్ల వైరును రంగు మీదే బోల్టు వేసి బిగించారు. రంగు గీకి, మెరిసే ఇనుము మీద బిగించాలి, పొట్టిగా, అంతే లావు వైరుతో. స్టీరియో నుంచి వచ్చే సన్న కేబుల్‌ను పవర్ వైరుతో కలిపి కట్టకూడదు, బండికి అటు పక్క నుంచి తేవాలి. యాక్సిలరేటర్ తొక్కితే కుయ్యిమని వచ్చే ఈల ఈ రెంటివల్లే కావచ్చు.

ఇక మోత సంగతి. ఆంప్ మీద గెయిన్ అని ఒక తిరగలి ఉంది. మన వాళ్లు దాన్ని చివరిదాకా తిప్పేశారు. "తగ్గిస్తే సౌండు పోతుంది కదా తాతా?" అంటాడు. అది వాల్యూమ్ కాదు నాయనా. స్టీరియో పంపే సిగ్నలు ఎంతుంటే ఆంప్ నిండు బలం ఇవ్వాలో చెప్పే తిరగలి అది. స్టీరియో రెండు వోల్టులు పంపుతుంటే, అర వోల్టుకే నిండు బలం ఇమ్మని చెప్పామనుకోండి, అంతకు మించి వచ్చిన అలల తలలన్నీ తెగిపోతాయి. తల తెగిన అల స్పీకరు కాయిలును కాలుస్తుంది. రెండేళ్ల కిందట మనం కొన్న మొదటి సబ్‌వూఫర్ అలాగే పోయిందని నా అనుమానం. అప్పుడు అందరం షాపువాణ్ణి తిట్టాం. ఇప్పుడు 15 అంగుళాలది కొన్నా, తిప్పే చెయ్యి అదే అయితే అదీ కాలుతుంది.

సరిగా పెట్టడానికి ఒక మల్టీమీటర్ చాలు. సబ్‌వూఫర్ డబ్బా మీద 1200 వాట్లని పెద్ద అక్షరాలున్నాయి, అది నమ్మకండి. లోపలి కాగితంలో ఆర్‌ఎంఎస్ 300 అని ఉంది, 4 ఓములు. 300ను 4తో గుణిస్తే 1200, దాని వర్గమూలం 34.6. స్పీకరు వైర్లు ఊడదీసి, బాస్ బూస్టు సున్నాకు తెచ్చి, స్టీరియోను ముప్పాతిక వాల్యూమ్‌లో పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ ఒకటి వేయాలి. మీటరును ఏసీ వోల్టులకు తిప్పి ఆంప్ అవుట్‌పుట్ దగ్గర పెట్టి, గెయిన్‌ను సున్నా నుంచి మెల్లిగా తిప్పుతూ 34 రాగానే ఆగిపోవాలి. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

పంచాంగం ఎందుకు వినపడలేదో కూడా అక్కడే దొరికింది. లో పాస్ ఫిల్టరు తిరగలిని పూర్తిగా పైకి పెట్టారు. మగవాడి గొంతు అడుగు స్వరం 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అది కూడా సబ్‌వూఫర్‌లోకి పోయి ఉబ్బింది. మాట తెలిసేది క, చ, ట, స లాంటి హల్లుల వల్ల. అవి ఎంతో పైన, వేల హెర్ట్జ్‌లలో ఉంటాయి. ఆ మోతలో అవి మునిగిపోయాయి. ఫిల్టరును 80 దగ్గర పెట్టాలి. ఇంకో చిట్కా కూడా ఉంది. ఆంప్‌ను లేపే సన్న రిమోట్ వైరు మధ్యలో చిన్న స్విచ్ పెడితే, పంచాంగం, ఉపన్యాసం, పెద్దావిడల పాటలు జరిగేటప్పుడు సబ్‌వూఫర్ పూర్తిగా నిద్రపోతుంది. మాట తలుపు స్పీకర్లలోంచి వస్తుంది. కోలాటం మొదలవగానే స్విచ్ వేసుకోండి, నేనూ వచ్చి ఆడతాను. రాత్రి పదికి మాత్రం అంతా ఆపాల్సిందే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కూడా అదే చెబుతున్నాయి. పక్కింటివాళ్లు పోయినసారి మర్యాదగా చెప్పారు, ప్రతిసారీ అలాగే చెప్పరు.

పీకేయమన్న పెద్దలకు ఒక్క మాట. ఆ డబ్బా బిగించిన నలుగురు కుర్రాళ్లూ తమలో తాము తమిళంలోనే మాట్లాడుకుంటారు, నిజమే. నేనూ ఆ వయసులో అంతే. కానీ పోయిన ఏడాది మన సంఘం మెట్లెక్కిన పాతికేళ్ల లోపువాళ్లు ఆ నలుగురే. ఆ బండి కోసం వచ్చారు, వచ్చినందుకు కుర్చీలు మోశారు, వడ్డించారు. ఒకడు ఉగాది ప్రకటన తెలుగులో తానే చదువుతానని మా ఆవిడ దగ్గర రెండు సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాడు. వాళ్ల ఎదురుగా డబ్బా పీకితే మళ్లీ రారు. వాళ్ల తప్పు ఫ్యూజు పెట్టకపోవడం. అది మనలో ఎవరికీ తెలీదు కదా, చెప్పేవాళ్లు లేకపోయారు.

కాబట్టి కమిటీకి నా మనవి ఇది. కొత్త సబ్‌వూఫర్‌కు తీసిన డబ్బులో కొంత వైరుకు, ఫ్యూజుకు, స్విచ్‌కు ఇప్పించండి, మిగిలింది అలాగే ఉంచండి. అది అయ్యేదాకా సుమోలో ఎవర్నీ ఎక్కించకండి. బ్యాటరీ నుంచి ఆ ఎర్ర వైరు నేనే ఊడదీసి, చివరకు టేపు చుట్టి ఉంచాను. అడక్కుండా చేసినందుకు సెక్రటరీ గారు క్షమించాలి.

ఆదివారం పొద్దున పదింటికి మల్టీమీటర్‌తో బండి దగ్గర ఉంటాను. కుర్రాళ్లు నలుగురూ వస్తామన్నారు. పెద్దలెవరైనా వస్తే మైకులో వాళ్ల చేతే చదివించి ఫిల్టరు సరిచేద్దాం. పంచాంగం పుస్తకం కూడా తెస్తాను, ఆ పెద్దమ్మ రాశి ఫలం ఇంకా బాకీ ఉంది.