నడిసముద్రంలో చమురు బంకు

పిల్లలూ! దువ్వాడ రోడ్డుమీద పోయే లారీకి చమురు తరిగిపోతే బంకు దగ్గర ఆపి పోయించుకుంటారు. నడిసముద్రంలో యుద్ధనౌకకు తరిగిపోతే? బంకే దాని దగ్గరకు వస్తుంది!

అటువంటి చమురు ఓడ "శక్తి" 2011 అక్టోబరులో విశాఖపట్నంలో మన నౌకాదళంలో చేరింది. అది గంటకు 1,500 టన్నుల చమురు అందించగలదు.

విచిత్రమేమంటే, చమురు పోసేటప్పుడు ఓడలు ఆగవు. ఆగిన ఓడకు చుక్కాని పనిచేయదు. అలలు దాన్ని ఇష్టం వచ్చినట్టు తిప్పేస్తాయి. అందుచేత రెండు ఓడలూ సుమారు 50 మీటర్ల ఎడంగా, ఒకే వేగంతో, పక్కపక్కనే సాగుతాయి. ముందు ఒక ఓడమీది నుంచి రెండవదాని మీదికి తుపాకితో సన్నని తాడు పేలుస్తారు. దానికి కట్టి లావు తాడునూ, దాని వెంట ఉక్కుతాడునూ లాగుతారు. బిగించిన ఉక్కుతాడుకు వేలాడుతూ రబ్బరు గొట్టం అవతలికి చేరుతుంది.

ఇందులో పెద్ద ప్రమాదం ఒకటుంది. రెండు కాగితాలను ఎదురెదురుగా వేలాడేటట్టు పట్టుకుని మధ్యగా ఊదండి. విడిపోతాయనుకున్నారా? దగ్గరవుతాయి! ఇరుకులో వేగంగా పోయే గాలికి ఒత్తిడి తగ్గుతుంది. ఓడల నడుమ పారే నీరూ అంతే. అప్పుడు బయటి నీరు రెండింటినీ దగ్గరకు నెడుతుంది. చుక్కాని పట్టినవాడు కాస్త ఏమరితే ఓడలు ఢీకొంటాయి!

ఎడం మరీ తగ్గిందా, వెంటనే గొట్టం వదిలేసి విడిపోతారు. చమురు మళ్ళీ పోసుకోవచ్చు. ప్రాణాలు పోతే తిరిగి రావుగదా!