ఎవరికోసం కొంటున్నారు?

బహ్రెయిన్ వస్తున్నామని ఫోన్ చేసే చుట్టాలు, స్నేహితులు మొదట ఎండల గురించి అడుగుతారు, తర్వాత షాపింగ్ గురించి. ఎండలకి నేనేమీ చెయ్యలేను. షాపింగ్ సంగతి మాత్రం ఓపిగ్గా చెబుతాను. ఇక్కడి పెద్ద మాల్స్‌లో ఉన్నవన్నీ దుబాయ్‌లోనూ ఉన్నాయి, హైదరాబాదులోనూ ఉన్నాయి. అందుకని వాటి జోలికి పోను. ఒక మనిషి చేతిపనో, ఒక కుటుంబం పేరో వెనకాల నిలబడి ఉన్న చిన్న కొట్లకి తీసుకెళ్తాను. మన ఊళ్లలో ఇప్పుడు వీధికో ‘బొటీక్’ బోర్డు కనిపిస్తోంది గానీ, నేను చెప్పే కొట్లలో చాలావాటికి ఆ బోర్డు ఉండదు.

మనామాలో బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గర మొదలుపెడదాం. 1949లో కట్టిన ద్వారం ఇది. అప్పట్లో సముద్రం దీనికి బాగా దగ్గర్లో ఉండేది. తీరం పూడ్చుకుంటూ పోవడంతో ఇప్పుడు ఎదురుగా రోడ్లు, మేడలు. ద్వారం దాటితే సూక్. అత్తర్లు, మసాలాలు, బట్టలు, బంగారం. ఇంకాస్త లోపలికి వెళ్తే సింధ్‌లోని థట్టా నుంచి వచ్చిన వర్తకులు రెండు వందల ఏళ్ల కిందట కట్టుకున్న శ్రీనాథ్‌జీ గుడి. ఈ సందుల్లో బేరమాడేటప్పుడు చెవి పెట్టి వినండి. వంద ఫిల్సుని ఇక్కడివాళ్లు ఇప్పటికీ ‘రుబియా’ అంటారు. ఒకప్పుడు ఇక్కడ చెలామణీలో ఉన్నది మన రూపాయే. 1965లో దినార్ వచ్చినప్పుడు పది రూపాయలకి ఒక దినార్ లెక్క కట్టారు. రూపాయి పోయినా పేరు నిలిచిపోయింది.

నా జాకెట్లు కుట్టే దర్జీ కొట్టు ఆ సందుల్లోనే. రెండు మిషన్లు, ఒక స్టూలు, ఇంకొకళ్లు వస్తే మనం బయట నిలబడాలి. ఆయనది సియాల్‌కోట్. ఇక్కడికి వచ్చేదాకా చీర కట్టడం దగ్గర్నుంచి చూసి ఎరగడట. ఇప్పుడు పట్టు జాకెట్‌కి లైనింగ్ ఏది వెయ్యాలో నాకు చెబుతాడు. గుడ్డ చేతికివ్వగానే ఆయన అడిగే మొదటి మాట, “ఎవరికి? పెళ్లికా, ఆఫీసుకా?” మా అమ్మ కొలతలు ఆయన నోటుపుస్తకంలో పదేళ్లుగా ఉన్నాయి. అమ్మ ఒక్కసారే వచ్చింది ఇక్కడికి.

ఇక ముత్యాల సంగతి. ఇది మన కథ కూడా. హైదరాబాదులో ‘బస్రా ముత్యాలు’ అని అమ్మమ్మలు మురిసిపోయేవి ఈ గల్ఫ్ సముద్రపువే. బొంబాయి వర్తకుల చేతుల మీదుగా చార్మినార్ దాకా వచ్చేవి. వాటి విలువ తెలియాలంటే ఒక్క సంగతి చాలు: 1917లో న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలో ఒక భవంతిని కార్టియే కంపెనీ రెండు పేటల ముత్యాల హారం, పైన వంద డాలర్లు ఇచ్చి తీసుకుంది. తర్వాత జపాన్ సాగు ముత్యాలు మార్కెట్‌ని ముంచెత్తాయి, ఆర్థిక మాంద్యం తోడైంది, ఇక్కడి పడవలు ఒడ్డెక్కాయి. 1932లో చమురు దొరక్కపోతే ఈ దీవి గతి ఏమయ్యేదో.

అయినా బహ్రెయిన్ ఒక పంతం వదల్లేదు. సాగు ముత్యాల వ్యాపారం ఇక్కడ నిషేధం. మత్తర్ లాంటి పాత ముత్యాల కుటుంబాల కొట్లలో కూర్చుంటే ముత్యాన్ని మీ అరచేతిలో పెడతారు. నున్నటి గుండ్రం కోసం వెతక్కండి. కాస్త వంకర, కాస్త గులాబీ, కాస్త మీగడ రంగు. కంటితో చూసి సాగు ముత్యమో సహజమో తేల్చడం కష్టం. ఎక్స్‌రే తీయాల్సిందే. అందుకు దనాత్ అనే సంస్థ ఉంది, 2017లో పెట్టారు. సర్టిఫికెట్ అడగడానికి మొహమాటపడకండి. మంచి వర్తకుడు నొచ్చుకోడు.

వంతెన దాటితే ముహర్రఖ్. ముత్యాల కాలం నాటి ఇళ్లు, కొట్లు కలిపి 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. ఖైసరియా సూక్ అందులోదే. దగ్గర్లో షువైటర్ వారి హల్వా కొట్టు. కుంకుమపువ్వు, నెయ్యి, పప్పులు వేసి చేసిన వణికే హల్వా. ఈ ఊళ్లోనే ‘కురార్’ ఇల్లు ఉంది. కురార్ అంటే జరీ దారాల అల్లిక, ఆడవాళ్ల దుస్తుల అంచులకి వేస్తారు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కొందరు దారాలు వేళ్లకి తగిలించుకుని అల్లుతుంటే ఇంకొకరు బట్టకి కుడుతుంటారు. అంతమంది కబుర్లాడుకుంటూ కూర్చుంటే గాని అంచు ముందుకి సాగదు. ఇప్పుడు అలా కూర్చునే తీరిక ఎవరికుంది? బనీ జమ్రా అనే పల్లె పేరు చెబితే ఇక్కడి పెద్దవాళ్లకి మగ్గం గుర్తొస్తుంది, మనకి పోచంపల్లి అంటే గుర్తొచ్చినట్టు. అక్కడా నేసే చేతులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి.

మీకు నేను చెప్పేది ఇంతే. మధ్యాహ్నం చాలా కొట్లు మూసేస్తారు, సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. శుక్రవారం సూక్ కిటకిటలాడుతుంది. మన తెలుగు కుర్రాళ్లు సెలవు రోజున ఇంటికి పంపే సామాన్లు కొనుక్కుంటూ కనిపిస్తారు. ఫోటో తీసుకుని, అలాంటిదే చవగ్గా ఆన్‌లైన్‌లో దొరుకుతుందేమోనని వెనక్కి తిరక్కండి. చిన్నదైనా సరే, ఒకటి కొనండి.

కిందటి నెల మా దర్జీని అడిగాను, మీ తర్వాత ఈ కొట్టు ఎవరు చూస్తారని. కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడని గర్వంగా చెప్పాడు. నోటుపుస్తకం మూసి సొరుగులో పెట్టాడు. “మీ అమ్మగారికి ఇంకో రెండు కుట్టేస్తాను, గుడ్డ తెచ్చెయ్యండి” అన్నాడు.