మంద్రం ఖాళీగా ఉంది

అంబత్తూరు ఎస్టేట్‌లో రెండో షిఫ్టు వదిలి, టీ కొట్లు కూడా మూసేశాక ఒక్క చప్పుడు మిగులుతుంది. వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు. మనకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపుకు లోపలి ఇనుప రేకులు రెండింతలు, అంటే సెకనుకు 100 సార్లు అదురుతాయి. ఆ అదురే మనం వినే మూలుగు. డబుల్ బేస్ అనే వాద్యం ఒకటుంది. దాని నాలుగు తీగల్లో అన్నిటికంటే పై స్వరం పలికే జి తీగను ఊరికే మీటితే సెకనుకు 98 సార్లు కంపిస్తుంది. ఇంచుమించు ఆ స్వరం వింటూనే మీరంతా నిద్రపోయారు, పెరిగారు. మిగిలిన మూడు తీగలూ అక్కడినుంచి కిందికే దిగుతాయి. అట్టడుగు తీగ 41 దగ్గర ఆగుతుంది. అది మోగితే చెవికంటే ముందు అరికాళ్లకు తెలుస్తుంది.

పిల్లలారా, ఈ ఎస్టేట్‌లో ముప్పై ఏళ్లు లేతు ముందు నిలబడి పనిచేసినవాణ్ణి నేను. 1949లో సైకిళ్ల కర్మాగారం వచ్చిన ఊరు ఇది, 1964లో ఎస్టేట్ వెలిసిన ఊరు. నెల్లూరు నుంచీ, చిత్తూరు నుంచీ, ఒంగోలు వైపు నుంచీ వచ్చిన మీ తాతలూ నాన్నలూ ఇక్కడ ఏం చేశారో ఎప్పుడైనా అడిగారా? షాఫ్టు, బుష్, గేరు, వాషరు. ఏదీ బయటికి కనబడేది కాదు. బండి కొన్నవాడు రంగు చూస్తాడు, సీటు తడిమి చూస్తాడు. మన చేతి పని ఏ మూలన ఉందో అతనికి తెలియదు. అది అరిగిన రోజున మాత్రం బండి కదలదు. సంగీతంలోనూ అటువంటి భాగం ఒకటుంది. దాన్ని పట్టుకునే పిల్లలు మన వీధుల్లో నాకు కనబడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఒక పని చేయండి. 1950లు, 60ల నాటి తెలుగు పాట, మీ ఇంట్లో అమ్మమ్మ పాడుకునేది ఏదైనా సరే, పెట్టండి. అవి చాలావరకు మన మద్రాసులో రికార్డయినవే. మొదటిసారి మామూలుగా వినండి. రెండోసారి గాత్రం మీదనుంచి చెవి తీసేయండి. వేణువును వదలండి, వయొలిన్లను వదలండి, ఇంకా కిందికి రండి. అక్కడ ఎవరో ఒక్కొక్క స్వరాన్నే మీటుతూ నడుస్తుంటారు. తొందర లేదు, అలంకారం లేదు. ఆ నడక ఆగిందా, పైన పాడేవారి కాళ్ల కింద నేల జారుతుంది. చాలా పాటల్లో అది డబుల్ బేస్. సినిమా టైటిళ్లలో సంగీత దర్శకుడి పేరు పడేది, గాయకుల పేర్లు పడేవి. ఆ నడక నడిచినవారి పేరు పడేది కాదు. అమ్మమ్మకు పాట మొత్తం నోటికొచ్చు, ఆ మనిషి ఎవరో తెలియదు. నాకు ఈ వాద్యం మీద ప్రేమ పుట్టింది ఆ మనిషి కోసమే.

తరవాత ఎలక్ట్రిక్ బేస్ గిటారు వచ్చింది. 1951లో అమెరికాలో ఫెండర్ కంపెనీ తెచ్చిన ఆ వాద్యం భుజానికి తగిలించుకుంటే చాలు, స్టూడియోలో మూల కూడా అక్కర్లేదు. దాని వెంట కీబోర్డులు వచ్చాయి. వాటి మీద నాకు ఏ కోపమూ లేదు, వాటితోనూ గొప్ప పాటలు పుట్టాయి. కానీ కమాను పట్టి మంద్రస్థాయిని పలికించే చేతులు మన ఊళ్లో ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. ఇళయరాజాగారు 2005లో తిరువాసగాన్ని బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేశారు. 2025 మార్చి 8న తన సింఫనీ ‘వేలియంట్’ను లండన్‌లో వినిపించారు. స్వరాలు మన చెన్నైవాడివి. అడుగున నిలబడి వాటిని మోసింది ఎక్కడో పుట్టి పెరిగిన బేసిస్టులు. ఆ వార్త చదివి నేనూ అందరిలాగే గర్వపడ్డాను. ఆ వరసలో మన పిల్ల ఒక్కతె నిలబడి ఉంటేనా అని కూడా అనుకున్నాను. 2017లో యునెస్కో చెన్నైని సంగీత నగరాల జాబితాలో చేర్చింది. సంగీత నగరానికి మంద్రం ఖాళీగా ఉండకూడదు.

ఖాళీ అంటే లోటని మాత్రమే అనుకోకండి. 1835లో ఇటలీలో ఒక పేద సంగీతకారుడి కొడుకు మిలాన్ సంగీత విద్యాలయంలో చేరడానికి వెళ్లాడు. జీతం కట్టే స్తోమత లేదు. ఉచితంగా చదువు చెప్పే సీట్లు రెండే మిగిలాయి, ఒకటి బసూన్‌కు, ఒకటి డబుల్ బేస్‌కు. అతను అంతవరకూ వాయించింది వయొలిన్. కొన్ని వారాల్లో డబుల్ బేస్ నేర్చుకుని పరీక్షకు నిలబడ్డాడు. ఆ కుర్రాడే జొవాన్ని బొత్తెసీని. ఏనుగులాంటి ఆ వాద్యం మీద కోకిలలా పలికించినవాడు. 1871 డిసెంబరు 24న కైరోలో వెర్దీ ఒపేరా ‘అయిదా’ మొదటిసారి వేదికెక్కినప్పుడు ఆర్కెస్ట్రాను నడిపింది ఆయనే. ఎవరూ అడగని సీటులోంచి అంత దూరం వెళ్లాడు.

అమ్మాయిలూ, మీకు ఇంకొకరి సంగతి చెప్పాలి. ఇంగ్లండులో చీచీ న్వనోకు అని ఒకావిడ. తండ్రి నైజీరియా, తల్లి ఐర్లండు. వంద మీటర్ల పరుగులో దూసుకుపోతున్న పిల్ల, మోకాలు దెబ్బతిని పరుగు ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ల వయసులో, మనిషి చూస్తే పొట్టి, డబుల్ బేస్ ఎత్తుకుంది. ఆ వయసులో మొదలుపెట్టి లండన్‌లో ఒక పెద్ద ఆర్కెస్ట్రాకు మూడు దశాబ్దాలు ముఖ్య బేసిస్టుగా నిలిచింది. 2015లో నల్లజాతి, తదితర అల్పసంఖ్యాక వర్గాల వాద్యకారులకోసం ‘చినేకే’ అనే ఆర్కెస్ట్రా పెట్టింది. తల్లీ, నీకు పదిహేడేళ్లు నిండాయనీ, ఆలస్యమైపోయిందనీ ఎవరైనా అంటే ఈవిడ పేరు చెప్పు. నీ ఎత్తు చాలదంటే మళ్లీ ఈవిడ పేరే చెప్పు.

వాద్యం నిజంగానే పెద్దది, మనిషిని మించిన ఎత్తు. వయొలిన్ మీద తీగ మోగే పొడవు 33 సెంటీమీటర్లయితే దీని మీద మీటరు దాటుతుంది. కింది స్థానంలో చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య షడ్జమం నుంచి చతుశ్రుతి రిషభం దాకా ఉన్న దూరమే పడుతుంది, అంతకు మించి చెయ్యి సాగదు. అందుకే పాశ్చాత్య వయొలిన్‌లో పక్కపక్క తీగల మధ్య పంచమం అంతరం ఉంటే దీనికి శుద్ధ మధ్యమం అంతరం పెట్టారు. కమానును పైనుంచి పట్టే ఫ్రెంచి పద్ధతి ఒకటి, కిందినుంచి పట్టే జర్మను పద్ధతి ఒకటి. ఏది పట్టినా బలం వేళ్లది కాదు, వీపుది. లేతు మీద బరువైన జాబ్ ఎక్కించేటప్పుడు మా మేస్త్రి నడుముతో ఎత్తమని చెప్పేవాడు, ఇదీ అంతే. చిన్నపిల్లలకోసం సగం సైజు, పావు సైజు వాద్యాలూ ఉన్నాయి.

ఇది మన సంగీతానికి పొసగదని పెద్దలు అనవచ్చు. వాళ్లకు గౌరవంగానే జవాబు చెప్పండి. వీణ మీద నాలుగో తీగ పేరే అనుమంద్రం, ఆ లోతు మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. వయొలిన్ ఎక్కడిది? మనకు ఆట్టే దూరం లేని మణలి జమీందారు ముదలియారుగారి ఆదరణలో బాలుస్వామి దీక్షితులు ఒక ఐరోపా విద్వాంసుడి దగ్గర దాన్ని నేర్చుకున్నారు. ఆ దీక్షితుల ఇంటి కథను సుబ్బరామ దీక్షితులు తెలుగులోనే రాసి 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో అచ్చువేయించారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు వయొలిన్ ఆచార్యుడిగా వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారికి అప్పటికి ఇరవై ఆరేళ్లు నిండీ నిండలేదు. నేడు వయొలిన్ లేని కచేరీ ఉందా? డబుల్ బేస్ కూడా ఆ దారి పట్టింది. ఎడ్గర్ మేయర్ అనే అమెరికన్ బేసిస్టు జాకీర్ హుస్సేన్ తబలా పక్కన, రాకేశ్ చౌరాసియా బాన్సురీ పక్కన నిలబడి వాయించిన ‘యాజ్ వి స్పీక్’ ఆల్బమ్‌కు 2024లో గ్రామీ వచ్చింది. ఆ కమాను జారుల్లో మన గమకానికి చోటుందో లేదో మీరే విని చెప్పండి.

నేర్పేవాళ్లేరీ అంటారు. పాలకొల్లు పిల్లవాడు శ్రీనివాస్ మాండలిన్ పట్టినప్పుడు గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేసేనాటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్లు. గురువు లేనిచోట పాట గురువవుతుంది, చెవి ఉండాలంతే. చెవి విషయంలో అంబత్తూరు పిల్లలు ఎవరికీ తీసిపోరు. స్క్రూడ్రైవరు మొన మెషీనుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని ఏ బేరింగు పోయిందో చెప్పిన తండ్రుల పిల్లలు మీరు.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఒక వాద్యం ఒకే మనిషిదై ఉండాలని ఎవరన్నారు? ఎస్టేట్‌లో ఒక మెషీను మూడు షిఫ్టులు నడవలేదా? ఆరుగురు కలిసి ఒకటి కొనండి, పొద్దున ఇద్దరు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఇద్దరు. మన ఉక్కకు నెర్రెలివ్వని ప్లైవుడ్ బేస్ దొరుకుతుంది, మొదలుపెట్టడానికి అది చాలు.

ఇక అసలు కోరిక. 1967లో గ్యారీ కార్ అనే బేస్ విద్వాంసుడు అంతర్జాతీయ బేసిస్టుల సంఘాన్ని స్థాపించాడు. అది రెండేళ్లకోసారి ఏదో ఒక విశ్వవిద్యాలయంలో సభలు జరుపుతుంది. 2019లో ఇండియానా విశ్వవిద్యాలయం, 2023లో మిషిగన్ విశ్వవిద్యాలయం ఆతిథ్యమిచ్చాయి. ఎప్పుడూ వెనక వరసలో నిలబడేవాళ్లంతా ఆ కొద్ది రోజులూ ముందుకొస్తారు. ఏకవాద్యానికి పోటీ, ఆర్కెస్ట్రా వాయింపుకు పోటీ, జాజ్‌కు పోటీ. వాద్యాలు తయారుచేసే చేతులకు కూడా పోటీ ఉంది! పిల్లలారా, ఈ ఒక్క మాట దగ్గర ఆగండి. డబుల్ బేస్ బిరడలు వీణకున్నట్టు ఉత్త కొయ్య బిరడలు కావు. ఇత్తడి చక్రం, దాన్ని తిప్పే ఉక్కు మర. అచ్చంగా వర్మ్ గేరు. మనం ఈ ఊళ్లో లక్షల్లో కోసింది అదే కదా! అడుగున నేలకు ఆనే ఊత ఒక ఉక్కు కడ్డీ. సంగీతం రానివాడికీ ఈ పండుగలో చోటుంది, టర్నర్‌కు చోటుంది, ఐటీఐ కుర్రాడికి చోటుంది.

ఆ సభల్లో మాస్టర్‌క్లాస్ కూడా ఉంటుంది, ఆ పేరుకు భయపడకండి. ఒకరు వేదిక మీద వాయిస్తారు, ఎదురుగా పెద్ద విద్వాంసుడు కూర్చుంటాడు, సభంతా చూస్తుంటుంది. తప్పు అందరిముందే దిద్దుతారు. వైమార్‌లో లిస్ట్ అనే పియానో విద్వాంసుడు శిష్యులను ఇలాగే కూర్చోబెట్టి నేర్పాడు. మన గురువుల అరుగుల మీద జరిగిందీ ఇదే, ఒకడికి చెప్పిన పాఠం పదిమందికి వచ్చేది. నేను కొత్తలో చేసిన జాబ్‌ను ఇన్‌స్పెక్టరు మైక్రోమీటరుతో కొలిచి, అందరూ చూస్తుండగా రిజెక్ట్ అని పక్కన పెట్టాడు. ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు అదే జాబ్ మళ్లీ చేశాను, సరిపోయింది. ఆ కొలత ఈనాటికీ నా వేళ్లలో ఉంది. మిమ్మల్ని ఎవరూ కొలవకపోతే మీ కొలత మీకెలా తెలుస్తుంది? పోటీలో ఓడిపోండి, ఫరవాలేదు. వాయించకుండా ఇంటికి రాకండి.

నా కోరిక ఇదే, ఆ బేసిస్టుల సభల్లాంటి పండుగ మన చెన్నైలో ఒక విశ్వవిద్యాలయం జరపాలి. మద్రాసు విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ ఉంది. 2013లో సంగీతానికీ లలితకళలకూ ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయమే వచ్చింది. రహమాన్‌గారు 2008లో కె.ఎం. సంగీత విద్యాలయం పెట్టారు. అక్కడి సన్‌షైన్ ఆర్కెస్ట్రా పేదపిల్లలకు తంత్రీవాద్యాలు ఉచితంగా నేర్పుతోంది. తలుపులున్నాయి, తట్టేవాళ్లు కావాలి. మీ కాలేజీలో పదిమంది సంతకాలు పెట్టండి. తమిళంలో ఒక కాగితం, తెలుగులో ఒక కాగితం. మూడు రోజులు చాలు, ఒక పోటీ, ఒక మాస్టర్‌క్లాస్, వాద్యం పనిముట్ల ప్రదర్శన ఒకటి. ఆఖరి సాయంత్రం వచ్చిన బేసులన్నీ ఒకే వేదిక మీద, ఒకే షడ్జమం పట్టాలి. కాగితం పట్టుకుని ఎవరు ముందు వెళతారో వాళ్ల వెంట నేనూ వస్తాను, బరువు మోయడానికి నా భుజం ఇంకా బాగానే ఉంది.

అంతవరకూ ఎదురుచూస్తూ కూర్చోకండి. ఇవాళ రాత్రి అన్నం తిన్నాక వీధి మలుపు దాకా వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌కు కాస్త దూరంగా నిలబడండి. దాని స్వరాన్ని గొంతులో పట్టండి. పట్టుబడ్డాక ఆవగింజంత కిందికి దించండి. అక్కడ జి తీగ ఉంటుంది. అది స్థిరంగా నిలిచేదాకా ఉండి, ఇంకా కిందికి దిగండి.